మంచుమడి

ఈ ఊరి పార్కుల శాఖ అంటే ఇద్దరం.
చిట్టాలు రాసే నేను,
నీళ్ళు పట్టే ఆరిన్ హాస్కెట్.

కొలరాడో కొండల సందులో
తొమ్మిది వేల అడుగుల ఎత్తున టెనీ గల్చ్.
ట్రాఫిక్ లైటు ఒక్కటీ లేదు.
ఐదు ఉయ్యాలల పార్కుంది, అందులో బేస్‌బాల్ మైదానం.
డిసెంబరు రాగానే దాన్ని మడి చేస్తాం.

మంచునే తొక్కి గట్లు పోస్తాడు ఆరిన్,
మూలల్లో పార తిరగేసి తట్టి తట్టి.
రాత్రి పదకొండుకి నీళ్ళ పైపు విప్పి
గొట్టం భుజానికెత్తుకుంటాడు.
నాకు మా చిన్నాన్న గుర్తొస్తాడు.
రాత్రి కరెంటు వచ్చే వారం
టార్చిలైటుతో మోటారు వెయ్యడానికి పోయేవాడు.
ఆయనకి నీళ్ళు పారాలి.
ఈయనకి నీళ్ళు ఆగాలి.

ఒక్కసారే పోస్తే లోపల గుల్ల.
అందుకే దోసె తిప్పినట్టు పల్చగా,
ఒక పొర మీగడ కట్టాకే ఇంకో పొర.
మధ్యలో గంటంబావు ఖాళీ.
ట్రక్కులో హీటరు ముందు
ఆయన పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ తొక్కలు కప్పులో ఉమ్ముతాడు.
నేను రాస్తాను:
పొర ఏడు. ఆరు డిగ్రీలు. గాలి లేదు. నక్క ఒకటి దాటింది.

ముట్టుకోవద్దని బోర్డు పెట్టాం గానీ
మడి సంగతి ఇక్కడ ఎవరికి తెలుసు?
పొర పన్నెండు మీద కుక్క నడిచింది.
పదిహేనులో ఆస్పెన్ ఆకు, పసుపు ఇంకా వదలకుండా.
పద్దెనిమిదిలో ఎవరిదో ఎడమచేతి గ్లవుజు.
ఏదీ తియ్యనివ్వడు.
"ఉండనీ, మార్చిలో వచ్చి అడుగుతారు."

ఈ ఏడు డిసెంబరులో వాన పడింది.
ఈ ఎత్తున, ఈ నెలలో, వాన.
తొమ్మిది పొరలు ఒక్క మధ్యాహ్నంలో బురదయ్యాయి.
ఊరి సభలో మార్జరీ స్టోపెక్ కళ్ళజోడు సర్దుకుని అంది:
పక్క లోయ రిసార్టులో మంచి రింకుంది కదా,
మనకెందుకీ ఖర్చు?
అక్కడ టిక్కెట్టు ముప్ఫై డాలర్లు.
ఆ రిసార్టు గదుల్లో దుప్పట్లు మార్చే బ్లాంకా
వెనక వరసలో కూర్చుని ఉంది,
పక్కన కూతురు యేమీ, తొమ్మిదేళ్ళది.
కిందటేడు ప్లాస్టిక్ కుర్చీ తోసుకుంటూ
మా మడి మీద నిలబడ్డం నేర్చుకున్న పిల్ల.
ఇద్దరూ ఏమీ అనలేదు.
ఆరిన్ కూడా. టోపీ నలుపుతూ కూర్చున్నాడు.
ఓటు వచ్చే నెలకి వాయిదా.

జనవరి తొమ్మిది, రాత్రి ఒంటిగంటకి ఫోను.
"పడిపోయింది," అన్నాడు.
ఎవరు, ఎక్కడ అని లేచి కూర్చున్నాను.
"చలి. సున్నాకి పడిపోయింది. చెప్పులేసుకుని రా."
మంచులో చెప్పులేమిటని నవ్వలేదు ఇద్దరం.

ఆ రాత్రి ఆయన మోకాలు మొరాయించింది.
గొట్టం నా భుజానికి మారింది.
నీళ్ళు ఇంత బరువని చిట్టాలో
ఎన్నడూ రాయలేదు నేను.
కళ్ళాపి చల్లేటప్పుడు అమ్మ మణికట్టు తిరిగే తీరు
ఎక్కడో దాక్కుని ఉండి, చేతిలోకి దిగింది.
"అదీ! అలాగే!" అని ట్రక్కులోంచి అరిచాడు,
తెలుగు వచ్చినవాడిలా.
నాలుగు రాత్రులు. ఇరవై రెండు పొరలు.

ఆదివారం పొద్దున షెడ్డు తలుపు తీశాం.
ఊరివాళ్ళు ఇచ్చిన పాత స్కేట్లు నలభై ఒక్క జతలు,
మడమ మీద మార్కరుతో రాసిన సైజులు.
పదింటికల్లా అరలు ఖాళీ.
కుర్చీ కోసం ఇద్దరు పిల్లలు కొట్టుకుంటున్నారు.
యేమీకి కుర్చీ అక్కర్లేదు ఇప్పుడు,
అడుగున ఏదో కనిపించి బోర్లా పడుకుంది,
మంచుకి ముక్కు ఆనించి, రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టి.
మార్జరీ మనవడు ఆమె మీంచి దూకబోయి
ఇద్దరూ కలిసి జారారు.

అరలో ఒక్క జత మిగిలింది. సైజు పదకొండు.
"మీవేనా?" అని ఆరిన్‌ని అడిగాను.
గింజ తొక్క ఉమ్మి
గట్టు మూల పగిలిందేమో చూస్తూ అన్నాడు,
"నాకు రాదు. ఎప్పుడూ ఎక్కలేదు."